రక్తం ముందు, పాఠం తర్వాత

ఆ రోజు ఉదయం ఎనిమిది నలభైకి పిల్లల వార్డులో పాలు, బ్రెడ్డు పంచడం అయిపోయింది. ఆయమ్మ ఖాళీ గ్లాసులు బకెట్లో వేసుకుంటూ పోతోంది. ఆరో మంచం దగ్గర గ్లాసు మాత్రం నిండుగానే ఉంది. ఆ మంచం మీద పన్నెండేళ్ళ పాప మోకాళ్ళు కడుపుకు ముడుచుకుని కూర్చుంది.

"పాలెందుకు తాగలేదు?" అని అడిగాను.

"తాగితే, వాళ్ళు నొక్కినప్పుడు వాంతి అయితాది సిస్టరమ్మా."

వాళ్ళంటే వైద్య విద్యార్థులు. తొమ్మిదిన్నరకు వస్తారు. పాప చెప్పింది నిజమే. గ్లాసు మీద మూత పెట్టి పక్కకు జరిపాను.

ముప్పై ఏళ్ళకు పైగా నేను నర్సుగా పనిచేశాను. ఎక్కువ భాగం పిల్లల వార్డుల్లోనే. కొన్నేళ్ళు కర్నూలు వైపు, కొన్నేళ్ళు కడప వైపు. ఇది ఏ ఆసుపత్రిలో జరిగిందో చెప్పను. ఇందులో ఉన్నవాళ్ళ పేర్లూ చెప్పను. ఒకాయన పోయాడు. మిగిలినవాళ్ళు ఎక్కడున్నారో నాకే సరిగా తెలియదు.

ఈ మధ్య నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. కాలేజీ పత్రికకు బాలల హక్కుల మీద నా అనుభవం ఏదైనా రాసివ్వమన్నారు. మా కాలంలో ఆ మాట వార్డు గోడ మీద ఒక పోస్టరులో ఉండేది. అందులో నలుగురు పిల్లలు చేతులు పట్టుకుని నవ్వుతుంటారు. దాని కింద మేము సెలైన్ స్టాండ్లు పెట్టుకునేవాళ్ళం. అంతకు మించి దానితో మాకు పని పడలేదు. రాయడానికి నా దగ్గర ఉన్నది ఒక్క ఉదయం. అదే రాస్తున్నాను.

ఆ పాపకు పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు. ఒంట్లో తయారైన రక్తం నిలవదు, విరిగిపోతుంది. మూడు నాలుగు వారాలకు ఒకసారి బయటి రక్తం ఎక్కించాలి. బతికున్నన్నాళ్ళూ ఎక్కించాలి. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం వాచి పెద్దదవుతుంది. మన పల్లెల్లో దాన్ని బల్ల అంటారు. వాళ్ళ అమ్మ మేనమామనే పెళ్ళి చేసుకుంది. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళకు పాలిష్ పట్టే చోట ఇద్దరూ పనిచేసేవాళ్ళు. ఆమె చేతి గీతల్లో రాతిపొడి ఎప్పుడూ తెల్లగా కనిపించేది. సబ్బుతో కడిగినా పోయేది కాదు. పాపకు రెండేళ్ళప్పటి నుంచీ తెల్లవారి మొదటి బస్సుకు మా వార్డుకు వచ్చేవాళ్ళు.

ఇక మా పద్ధతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

చదువు చెప్పే ఆసుపత్రిలో ఇలాంటి బల్ల ఉన్న పిల్లలంటే విద్యార్థులకు పెద్ద పాఠం. పుస్తకంలో పది పేజీలు చదివినా చేతికి తగిలితే తప్ప తెలియదు. అందుకని రక్తానికి వచ్చిన బిడ్డను తొమ్మిదిన్నరకు అంగీ తీసి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం. సారు చెప్పేవాడు. ఇరవై మంది దాకా చుట్టూ నిలబడేవాళ్ళు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి నొక్కి చూసేవాళ్ళు. అంతా అయ్యేసరికి పదకొండు. అప్పుడు రక్తం తెప్పించి ఎక్కించేవాళ్ళం.

ముందే ఎందుకు ఎక్కించకూడదు అంటే, ఎక్కిస్తే కళ్ళ కింద, గోళ్ళ కింద పాలిపోయిన తెలుపు పోతుంది. విద్యార్థులకు ఆ తెలుపు చూపించాలి. పైగా చేతిలో సూది ఉంటే బిడ్డను అటూ ఇటూ తిప్పడం కష్టం. ఇలా చేయమని ఎవరూ కాగితం మీద రాయలేదు. నేను మా సీనియర్ సిస్టర్ దగ్గర నేర్చుకున్నాను. నా దగ్గర జూనియర్లు నేర్చుకున్నారు. అంతే. రెండు గంటలు ఆలస్యమైతే ప్రాణాపాయం ఏమీ లేదు. కాబట్టి ఎవరికీ తప్పుగా తోచలేదు.

మా సారుది కడప వైపు. పెన్న పక్కన భూములున్న ఇల్లు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల అంగీ, మణికట్టు దగ్గర బొత్తాం, మెడ దగ్గర బొత్తాం. ఫ్యాన్ కింద మేమంతా ఉస్సురంటుంటే ఆయన అలాగే రౌండ్లకు వచ్చేవాడు. విద్యార్థులు చాటుగా బొత్తాల సారు అనేవాళ్ళు. ఆయనకు తెలుసు.

నాకు చదివే అలవాటు ఉందని ఎలా తెలిసిందో ఆయనకు తెలిసింది. ఒకరోజు రౌండ్లయ్యాక న్యూస్‌పేపర్ అట్ట వేసిన నవల నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. నెల తర్వాత చేతులు కడుక్కుంటూ, "ఎట్లుండాది?" అన్నాడు. నేను రెండు మాటలు చెప్పాను. "చివర నాకు నచ్చలేదు" అన్నాను. "నాకూ" అన్నాడు. ఆ తర్వాత అలా ఎన్నో పుస్తకాలు వచ్చి పోయాయి. ఎప్పుడూ రెండు మూడు మాటలే. వార్డులో ఏడుపులు, మందుల వాసన, డ్యూటీలు మార్చుకోవడాలు, వీటి మధ్యలో ఆ రెండు మాటల కోసం నేను ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఎంతగా ఎదురుచూశానో.

ఆరో మంచం పాప అప్పటిదాకా ఏ రోజూ పేచీ పెట్టింది కాదు. పైగా విద్యార్థులకు ఆమే సాయం చేసేది. "ఆడ గాదన్నా, ఇంకా కిందికి రా. ఊపిరి పీల్చమంటావా?" అనేది. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్‌కు ఆమె రంజాన్ నెలలో బల్ల అంచు పట్టించి, "ఇప్పుడు దొరికిందా? ఇంగ నువ్వు డాక్టరైనట్టే" అంది. ఆ హౌస్ సర్జన్ పాతబస్తీ కుర్రాడు. రోజా ఉంటూ కూడా ఆ రోజంతా నవ్వుతూనే తిరిగాడు. వాళ్ళిద్దరికీ మాటకు మాట.

ఆ ఉదయం తొమ్మిదిన్నరకు సారు వచ్చాడు. వెనక విద్యార్థులు వచ్చి నిలబడ్డారు. తర్వాతి వారం వాళ్ళకు ప్రాక్టికల్ పరీక్షలు. అందరి మొహాల్లో అదే ఆత్రం. పాప చుడీదార్ అంచు మోకాళ్ళ కింద దోపుకుని కూర్చుంది. కదల్లేదు.

హౌస్ సర్జన్ ముందుకు వచ్చాడు. "ఏమ్మా హీరోయిన్, ఈరోజు షూటింగు లేదా?"

"లేదు. నువ్వు పో."

"డైరెక్టర్ వచ్చినాడమ్మే. లెయ్యి."

"లెయ్యను."

వాళ్ళమ్మ లేచింది. "ఏందే నీకు? గమ్మున ఇప్పు. సార్లు నిలబడుకోనుండారు."

"నేను ఇప్పను మా."

"నీ రెండేండ్లప్పటి నుంచి సూసినోళ్ళే గదనే. కొత్తోళ్ళా?"

"అప్పుడు చిన్నదాన్ని."

వాళ్ళమ్మ తొడ మీద గిల్లింది. పాప పళ్ళు బిగించింది కానీ మోకాళ్ళు దించలేదు. సారు చేయి అడ్డం పెట్టాడు. "ఉండమ్మా" అని, పాప వైపు చూసి, "పూర్తిగా తీయొద్దులే. కడుపు వరకు ఎత్తితే చాలు" అన్నాడు.

పాప చుడీదార్ అంచు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"భయమా?"

"భయం గాదు సార్."

"మరి?"

"పోయినసారి ఆ వెనకున్నోళ్ళు నగినారు. నన్ను జూసే నగినారు."

విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వింది వీళ్ళో, పోయిన బ్యాచో, నవ్వింది ఆమెను చూసో మరి దేనికో, ఎవరికీ తెలియదు. ఆ వయసులో పిల్లలకు అది తేల్చి చెప్పగలిగినవాళ్ళు ఎవరుంటారు?

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు సారు.

"చెప్తే రక్తం ఇయ్యరు గదా."

"ఎవరన్నారు?"

పాప వాళ్ళమ్మ వైపు చూసింది. ఆమె తడబడలేదు. సారు కోప్పడుతున్నాడనుకుంది గానీ, ఏ విషయం గురించో ఆమెకు అర్థం కాలేదు.

"ఎవురు చెప్పల్ల సార్? పదేండ్ల నుంచి సూస్తాండాం గదా. మీ పిలకాయలు సదువుకుంటారు. అదైనాంక మా బిడ్డకు రక్తం ఇస్తారు. మేమేం తప్పు పట్టల్యా సార్. న్యాయమే గదా అది. ఊరికే ఎవరిస్తారు?" తర్వాత గొంతు తగ్గించి అంది, "ఇయ్యాల దీనికి ఏమో పుట్టింది. నేను ఇప్పిస్తా. రక్తం మాత్రం ఆపద్దండి సార్."

ఆమె చేతులు జోడించింది. పక్క మంచం తల్లి, ఆమె పక్క మంచం తల్లి, ఇద్దరూ తలలు ఊపారు. వాళ్ళూ అలాగే అనుకుంటున్నారని అప్పుడు తెలిసింది. వార్డంతా అలాగే అనుకుంటోంది, ఎన్నేళ్ళుగానో.

సారు నా వైపు తిరిగాడు. "సిస్టర్, ఈ పాప రక్తం వచ్చిందా?"

"బ్లడ్ బ్యాంకులో సిద్ధంగా ఉంది సార్. పదకొండుకు తెప్పిస్తాం."

"పదకొండుకే ఎందుకు?"

"క్లాసు అయ్యాక కదా సార్."

ఆయన ఇంకా ఏదో చెబుతానని చూశాడు.

"ఎప్పటి నుంచి ఇట్లా?"

"నేను రాకముందు నుంచి సార్."

ఆయన కూడా ఆ వార్డుకు కొత్తవాడు కాదు. పాఠం చెప్పి వెళ్ళిపోయేవాడు. రక్తం ఎప్పుడు ఎక్కుతుందో ఆయన చూసిన విషయం కాదు. ఆ తల్లి మాత్రం రెండూ చూసింది. ముందు ఒకటి జరిగి, వెనక ఒకటి జరిగితే, మొదటిది ధర అనీ, రెండోది సరుకనీ అనుకుంది. నేను ఆమె స్థానంలో ఉన్నా అలాగే అనుకునేదాన్ని.

"ఇప్పుడు తెప్పించండి" అన్నాడు సారు.

వెనక నుంచి ఒక విద్యార్థి, "సార్, వచ్చే వారం ప్రాక్టికల్స్..." అన్నాడు. సారు అటు చూడలేదు. హౌస్ సర్జన్‌తో, "నువ్వే పోయి తీసుకురాపో, ఇంకెవర్నీ పంపొద్దు" అన్నాడు. వాడు పరుగెత్తాడు.

వాడు తిరిగొచ్చేదాకా విద్యార్థులు అలాగే నిలబడ్డారు. సారూ నిలబడ్డాడు. తల్లి మాత్రం బిడ్డ చెవిలో ఏదో గొణుగుతూనే ఉంది. రక్తం వచ్చింది. సంచి మీది నంబరు, రక్తం గ్రూపు నేనూ హౌస్ సర్జనూ చదివి సరిచూసుకున్నాం. ఆ పాప నరాలు అన్నేళ్ళ సూదులకు గట్టిపడి ఉండేవి. ఎడమ చేతి వెనక ఒకటి దొరికింది. గొట్టంలో చుక్క పడడం మొదలైంది. నేను పక్కకు జరిగాను.

అప్పుడు సారు, తల్లి కూర్చునే ఇనుప స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన వార్డులో కూర్చోగా నేను అంతకుముందు చూడలేదు. అంత పొడుగు మనిషి ఆ స్టూలు మీద కూర్చుంటే ఆయన తల పాప తల కంటే కిందికి వచ్చింది.

"రక్తం లోపలికి పోతాంది, సూస్తాండావా?" అన్నాడు. ఇంటి మాట వచ్చేసింది ఆయనకు.

"ఊ."

"నువ్వు సరే అన్నా పోతాది. వద్దన్నా పోతాది. ఇప్పుడు చెప్పు. వీళ్ళకు కడుపు చూపిస్తావా?"

పాప చుక్కల వైపు చూసింది. "ఆపరా?"

"ఆపం."

"వచ్చే నెలకు?"

"వచ్చే నెలకూ ఆపం."

"మా యమ్మను తిట్టరా, నేను ల్యానప్పుడు?"

"తిట్టం."

పాప కొంచెంసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. విద్యార్థుల మొహాలు ఒక్కొక్కటే చూసింది. వాళ్ళ మీద ఆమెకు కోపం లేదు. సారు మీద గౌరవం ఉంది. నేను మనసులో, సరే అనేస్తుందిలే అనుకున్నాను. అనాలనే అనుకున్నానేమో కూడా.

"అయితే వద్దు సార్" అంది.

తల్లి చేయెత్తింది. సారు కూర్చునే, "అమ్మా, అడిగింది నేను. అడిగినందుకు చెప్పింది" అన్నాడు. ఆమె చేయి దించింది గానీ మొహంలో భయం పోలేదు. చుక్కల వైపే చూస్తూ నిలబడింది, ఎప్పుడు ఆగిపోతాయో అన్నట్టు.

హౌస్ సర్జన్ గొంతు సవరించుకున్నాడు. "మరి మా పాఠం, పాపా?"

ఇప్పుడు పాపకు ధైర్యం వచ్చింది. "నువ్వే అంగీ ఇప్పి చూపీ అన్నా. నీకేం లాసు?"

అందరూ నవ్వారు. పక్క మంచాల తల్లులూ నవ్వారు. సారు నవ్వలేదు. స్టూలు మీద నుంచి లేచాడు. చేతి గడియారం తీసి నాకిచ్చాడు. మణికట్టు బొత్తాలు తీశాడు. తర్వాత మెడ దగ్గరిది. ఏం చేస్తున్నాడో మాకు అర్థమయ్యే లోపల అంగీ తీసి మంచం కమ్మీ మీద వేశాడు. లోపలి బనియను కూడా.

ఛాతీ మీద, భుజాల మీద, వీపు సగం దాకా బొల్లి మచ్చలు. అరచేతి అంత తెల్లటి మచ్చలు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి. మణికట్టుకు కొంచెం పైన ఆగిపోయాయి. మెడకు కొంచెం కింద ఆగిపోయాయి.

నవ్వు ఆగిపోయింది. ఆయన ఏడో మంచం ఖాళీగా ఉంటే దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. పిల్లల మంచం. కాళ్ళు మోకాళ్ళ కింది నుంచీ బయటే ఉన్నాయి.

"రాండి" అన్నాడు. "కాలేయం అంచు ఎక్కడుందో ఒక్కొక్కరే చెప్పండి."

ఎవరూ కదల్లేదు.

"రోజూ వస్తారు గదా."

చివరికి ఒక అమ్మాయి వచ్చింది. చేయి పెట్టబోయింది.

"నీ పేరేందమ్మా?"

చెప్పింది.

"యా ఊరు?"

"ఆదోని సార్."

"ఇప్పుడు పెట్టు." పెట్టగానే, "చల్లగుండాది. రుద్దుకోని రా" అన్నాడు.

ఆ అమ్మాయి అరచేతులు రుద్దుకుంటూ ఏడుపు ఆపుకోవడం నాకు కనిపించింది. ఆరేడు మంది వచ్చారు. ప్రతివాళ్ళనూ పేరు, ఊరు అడిగాడు. ఉపన్యాసం చెప్పలేదు. పై కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి.

పాప చేతిలో సూదితోనే మంచం అంచుకు జరిగి చూస్తోంది. "నొప్పి ఉంటాదా సార్ అవి?"

"ఉండదు."

"మా ఊర్లో ఒకామెకుండాది. ఆమె చేతి నీళ్ళు కోడండ్లు తాగరు."

"మా ఇంట్లో తాగుతారులే" అన్నాడు సారు.

పాప ఫక్కున నవ్వింది. అప్పుడు ఆయనా నవ్వాడు, పడుకునే. నేను ఆయన నవ్వగా చూసింది చాలా తక్కువ సార్లు.

లేచి అంగీ వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. గడియారం ఇచ్చాను. "సిస్టర్, రేపటి నుంచి రక్తం ముందు, పాఠం తర్వాత" అన్నాడు. "తర్వాత అడుగుదాం. వద్దంటే వద్దు." అంతే చెప్పి పక్క వార్డుకు వెళ్ళిపోయాడు.

ఇంతటితో అంతా బాగుపడిందని మీకు చెప్పలేను. తోటి ప్రొఫెసర్లు కొందరు దీన్ని సర్కస్ అన్నారు. పాలిపోయిన బిడ్డను చూడకుండా డాక్టర్లు ఎలా తయారవుతారని ఒకాయన అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. సారు దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. కొన్ని రోజులు ఒక్క బిడ్డా ఒప్పుకునేది కాదు. అప్పుడు ఆయన బోర్డు మీద సుద్దముక్కతో కడుపు బొమ్మ వేసి చెప్పేవాడు. బొమ్మలు వేయడం ఆయనకు రాదు. గుమ్మడికాయలా వచ్చేది.

ఇంకా మాటలు రాని పసిబిడ్డల సంగతి మాకు చివరిదాకా తేలలేదు. వాళ్ళను అడిగేదెలా? తల్లి ఒళ్ళోనే ఉంచి, ఇద్దరు విద్యార్థులకు మించి ముట్టుకోవద్దని పెట్టుకున్నాం. బిడ్డ ఏడిస్తే ఆపాలని పెట్టుకున్నాం. కానీ ఏ బిడ్డ ఏడవదు? కొన్నిసార్లు ఆపాం. పరీక్షల రోజుల్లో ఆపలేదు.

కానీ మాటలొచ్చిన పిల్లలు మమ్మల్ని ఆశ్చర్యపరిచారు. అడగడం మొదలుపెట్టాక బేరాలు మొదలయ్యాయి. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే ఎనిమిదేళ్ళ పిల్లవాడు, "ఎంతమంది నొక్కుతారు?" అనేవాడు. పదిమంది అంటే, "శానా ఎక్కువ. ముగ్గురు" అనేవాడు. చివరికి ఐదుగురి దగ్గర తెగేది. ఇంకో పాప ఫోన్లు బయట పెట్టి రమ్మంది. విద్యార్థులు గుమ్మం దగ్గర నా టేబుల్ మీద ఫోన్లు పెట్టి లోపలికి వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరు స్టూలు మీద కూర్చుని, పేరు చెప్పి, ఊరు చెప్పి, చేతులు రుద్దుకుని అడిగేవాళ్ళు. ఆదోని అంటే, ఎమ్మిగనూరు అంటే, పిల్లలు, "మా యత్తది ఆ ఊరే" అని మొదలుపెట్టేవాళ్ళు. పాఠం అరగంట ఆలస్యమయ్యేది. సారు ఆ అరగంటా గోడకు ఆనుకుని నిలబడేవాడు. నాకు ఉద్యోగంలో ఇష్టమైన కాలం ఏదని అడిగితే ఆ అరగంటలే అని చెబుతాను.

ఆరో మంచం పాప గుంపుకు మళ్ళీ ఒప్పుకోలేదు. ప్రతి నెలా ఎవరో ఒకరు స్టూలు మీద కూర్చుని అడిగేవాళ్ళు. ప్రతి నెలా వద్దనేది. ఆమె తల్లి మొదట్లో ఆ మాట వినబడగానే రక్తం సంచి వైపు చూసేది. నాలుగైదు నెలలకు చూడడం మానేసింది. ఒకరోజు పాప వద్దంటుంటే ఆమె కొంగులోంచి వేరుశనక్కాయలు తీసి ఒలుచుకుంటూ కూర్చుంది. తలెత్తనైనా లేదు. ఆ పూట నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

హౌస్ సర్జన్ వెళ్ళిపోయే రోజు పాపే వాణ్ణి పిలిచింది. "అన్నా, నువ్వొక్కనివి చూసుకో కావాలంటే. పరీక్షలో వస్తాది."

"నా పరీక్షలన్నీ ఎప్పుడో అయిపోయినాయి లేమ్మే."

"అయితే పో" అంది. వాడు పోలేక కాసేపు అక్కడే తిరిగాడు.

పద్దెనిమిది నిండాక ఆమెను పెద్దల వార్డుకు పంపించాం. మొదట్లో ఒకటి రెండుసార్లు మా వైపు వచ్చి పలకరించి పోయింది. తర్వాత వాళ్ళు తాడిపత్రి వైపు పనికి పోయారని ఎవరో అన్నారు. ఇప్పుడు ఎక్కడ రక్తం ఎక్కించుకుంటోందో తెలియదు. ఉందో లేదో తెలియదు. ఈ ఉద్యోగంలో మీరు తెలుసుకోబోయే సంగతి ఇదొకటి. పిల్లలు పదేళ్ళు మన చేతుల్లో పెరుగుతారు. తర్వాత వాళ్ళ కథ చివర మనకు ఎవరూ చెప్పరు.

సారు పోయిన ఎండాకాలంలో పోయాడు. రిటైరైన నర్సుల వాట్సాప్ గ్రూపులో పువ్వుల బొమ్మలతో వచ్చింది ఆ వార్త. పదకొండో రోజు కడపకు బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. మాది చర్చికి పోయే ఇల్లు. వాళ్ళ కర్మలో ఏం చేయాలో, ఎక్కడ నిలబడాలో నాకు తెలియదు. వరండాలో కూర్చున్నాను. ఆయన భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. మేము ఒకరినొకరం చూసుకోవడం అదే మొదటిసారి.

"పుస్తకాల సిస్టరా?" అంది.

అవునన్నాను.

ఆమె చాలాసేపు ఆయన గురించి మాట్లాడింది. మధ్యలో ఒక మాట అంది. "ఆయనకు ఒంటి మీద మచ్చలుండేటివమ్మా, పెండ్లికి ముందు నుంచే. ఎవరికీ తెలీకుండా బతికినాడు. మంత్రాలయం ఎన్నిసార్లు పోయినామో. లోపలికి పోవాలంటే మగోళ్ళు అంగీ తీయాల గదా. ఈయన తీయలేక బయట చెప్పుల కాడ కూచునేటోడు. నేనూ పిల్లలూ దర్శనం చేసుకోని వచ్చేటోళ్ళం. తుంగభద్రలో మునిగింది కూడా లేదు. కాళ్ళు కడుక్కోని వచ్చేటోడు. సచ్చేదాకా ఎవరి ముందరా అంగీ తీసింది లేదు."

ఆమెకు ఆ ఉదయం సంగతి ఆయన చెప్పలేదని అప్పుడు అర్థమైంది. చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పలేదు. ఆయన చెప్పనిది నేను చెప్పడం సబబుగా తోచలేదు. ఇప్పుడు పేరు లేకుండా రాస్తున్నాను. ఇదీ సబబో కాదో తెలియదు.

బస్సులో తిరిగి వస్తుంటే మైదుకూరు దాటాక ఎందుకో చేతి సంచిలోని నవల తీశాను. సగంలో ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి పూర్తి చేశాను. బాగుంది. ఎట్లుండాది అని అడిగేవాళ్ళు లేరు.

మొన్న పొరుగింటి పిల్లవాడికి జ్వరమొస్తే తోడుగా మా పాత వార్డుకు వెళ్ళాను. చాలా మారింది. మంచానికో తెర ఉంది. ఏసీ ఉంది. రక్తం కోసం వచ్చే పిల్లలకు వేరే గది, అందులో రాగానే రక్తం ఎక్కించేస్తున్నారు. అది చూసి సంతోషించాను. రక్తం కోసం ఏ తల్లీ చేతులు జోడించాల్సిన పని లేదు.

నేను కూర్చున్న చోటికి ఎదురుగా విద్యార్థులు నలుగురు వచ్చారు. మంచి పిల్లలు. తల్లికి నమస్కారం పెట్టారు. పాఠం కోసం బిడ్డను చూడొచ్చా అని మర్యాదగా అడిగారు. ఆమె సరేనంది. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మంచం మీద తొమ్మిదేళ్ళుంటాయేమో, ఆ పాప వాళ్ళ మొహాల వైపు మార్చి మార్చి చూస్తోంది. ఒకరు తెర లాగారు.

ఆ వార్డులో ఇప్పుడు తల్లిని అడుగుతారు. పిల్లను అడగడం లేదు.